చదువుకు చోటు

తెలుగులో ‘చదువు’ అన్న మాట ఒకటే అయినా దాని అర్థాలు మూడు. గ్రంథం విప్పి చూడడమూ చదువే, పాఠం నేర్వడమూ చదువే, విద్య అంతా కలిపినా చదువే. వెనుకటి రోజులలో ఈ మూటికీ గొంతే ఆధారం. అరుగు మీద పిల్లలు వల్లె వేస్తుంటే బడి ఎక్కడ ఉన్నదో ఊరిలో ఎవరినీ అడుగవలసిన పని ఉండేది కాదు. పెదవి కదపక కన్నులతోనే చదువుకొనే అలవాటు మనలో స్థిరపడినది కళాశాలలూ, వాటి గ్రంథాలయాలూ వచ్చిన తరువాతనే. విశ్వవిద్యాలయపు ఆవరణలో విద్యార్థికి ఇష్టమైన చోటు ఏదని విచారించేటప్పుడు ఈ సంగతి మరువరాదు.

ఉస్మానియా విశ్వవిద్యాలయాన్నే చూడండి. అది 1918లో మొదలైనది. దానికి తగిన భవనాలు నిర్మింపదలచినప్పుడు నవాబ్ జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజా అనే వాస్తుశిల్పు లిద్దరిని దేశదేశాల విశ్వవిద్యాలయాలు చూచి రమ్మని పంపినారు. బెల్జియం దేశీయుడైన ఎర్నెస్ట్ జాస్పర్ నమూనాలు గీసినాడు. 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కళాశాల, గులాబి వన్నె రాతితో నేటికీ చూపరులను నిలువరిస్తుంది. ఇంత శ్రమ పడి కట్టిన ఆ భవనంలో విద్యార్థులు తమంతట తాము ఎన్నుకొన్న చోటు మెట్లు! ఎక్కడానికి కట్టిన మెట్లను వారు కూర్చోవడానికి వాడుకొన్నారు. ఉదయం రాయి చల్లగా ఉంటుంది. ఎండ ముదిరేసరికి అదే లేచి పొమ్మంటుంది. అప్పుడు చెట్ల నీడలే దిక్కు.

ఆ చెట్ల క్రింద తెల్లవారుజామున కనబడే చదువు వేరు. చేతిలో పుస్తకం, పుటల నడుమ వ్రేలు. ఇరవై అడుగులు అటు, ఇరవై అడుగులు ఇటు. పెదవులు కదులుతూనే ఉంటవి. చరిత్రలోని సంవత్సరాలు, రాజ్యాంగపు అధికరణాలు, వ్యాకరణ సూత్రాలు—అన్నీ ఆ నడకకు లోబడి నోటికి వస్తవి. గ్రంథాలయంలో ఇది సాగదు. ప్రక్కనున్నవాడు తల యెత్తి చూస్తాడు. ఇక పద్యం మాట చెప్పనే అక్కరలేదు. యతిప్రాసలు చెవికి తగలవలె, పాదం విరిగిన చోట ఊపిరి ఆగవలె. సీసపద్యాన్ని కన్నులతో మాత్రమే చదివినవాడు, విందుకు వెళ్ళి విస్తరి చూచి వచ్చినవాని వంటివాడు. మౌనంగా చదివేవారికి గదులు కట్టిన విద్యాలయాలు గొంతెత్తి చదివేవారిని చెట్లకు వదలివేసినవి. వాన వస్తే వారి గతి ఏమో ఎవరూ ఆలోచించినట్లు తోచదు.

ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో బెజవాడలో పుట్టి, 1930లో వాల్తేరు చేరినది. అక్కడివారిని అడిగితే సముద్రతీరాన్ని మించిన చోటు లేదంటారు. ఈ మాట ఒప్పుకోవడం కష్టం. గాలి పుటలను తానే త్రిప్పివేస్తుంది. ఉప్పు తేమకు కాగితం మెత్తబడుతుంది. రెండు పంక్తులు గడిచేలోగా చూపు అలల మీదికి పోతుంది. పగలు గ్రంథాలయంలో చదివినదానిని గురించి సాయంకాలం నలుగురు కూడి వాదించుకోవడానికి మాత్రం ఆ ఇసుక దివ్యమైనది. చదువుకు ఏకాంతమూ సౌందర్యమూ కావలెనని తలచేవారు పరీక్ష దగ్గరపడిన విద్యార్థిని చూడలేదు కాబోలు. అతనికి కావలసినది మంచి దీపం, వెన్నుకు ఆనిక, ఎదుట తనవలెనే చదువుతున్న మరొక ముఖం. ఈ మూడవదే ముఖ్యం. ఎదుటివాడు లేవకుండా చదువుతుంటే తనకూ లేవబుద్ధి కాదు.

హైదరాబాదులో చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం నిండిపోవడానికి కారణమిదే. అక్కడ చాలమంది ఉద్యోగ పరీక్షలకు కూర్చునేవారు. తమ పుస్తకాలు తామే సంచిలో తెచ్చుకొంటారు. వారికి కావలసినది కుర్చీ. గ్రంథాలయానికి వచ్చి గ్రంథం ముట్టరేమని పెద్దలు విసుగుకొంటారు. అందులో సగం న్యాయమున్నది: ఏళ్ళ తరబడి అలమరల నడుమ కూర్చుండి ఒక్క కావ్యమైనా, ఒక్క నవలైనా చేతికి తీసుకొనకపోవడం నష్టమే. కాని తక్కిన సగం చూడవలె. నలుగురు కలిసి అద్దెకుండే గదిలో, ఇంటిల్లిపాదికీ ఒకే గది ఉన్న ఇంట్లో, టెలివిజను మోత నడుమ చదువు సాగుతుందా? సొంత గది ఉన్నవానికి ‘ఇష్టమైన చోటు’ అన్నది వినోదపు మాట. లేనివానికి దొరికిన చోటే ఇష్టమైన చోటు. గ్రంథాలయ శాస్త్రానికి 1931లో పంచసూత్రాలు కూర్చిన రంగనాథన్ మొదటి సూత్రాన్ని వివరిస్తూనే తలుపులు తెరచి ఉంచవలసిన వేళలను, కుర్చీలను, బల్లలను గురించి చర్చించినాడు. పుస్తకానికి అలమర ఎట్టిదో, చదువరికి ఆసనం అట్టిది.

ఇంతవరకు చెప్పిన చోటులలో వేకువన చెట్ల క్రింద, రాత్రి మెట్ల మీద కనబడేవారు ఎవరు? ఎక్కువమంది మగపిల్లలే. ప్రొద్దు వాలిన కొలదీ ఆడపిల్లకు చదువుకొనే చోటులు ఒకటొకటిగా మూసుకొనిపోతవి. చాలచోట్ల వసతి గృహపు తలుపు ఆమెకు ముందుగా పడుతుంది. ఇంటి నుండి వచ్చిపోయే పిల్లకైతే తల్లి గుమ్మంలో ఎదురు చూస్తూ ఉంటుంది. పరీక్ష మాత్రం ఇద్దరికీ ఒక్కటే. రాత్రివేళ గ్రంథాలయం తెరచి ఉంచి, దానికి కాపలాను, ఆమె చేరవలసిన చోటికి బండిని ఏర్పాటు చేయని విశ్వవిద్యాలయం తన ఆసనాలలో సగానికి మగపిల్లల పేర్లు వ్రాసి ఉంచినట్లే.

ఉపాధ్యాయులు దీనిని విశ్వవిద్యాలయాల గొడవ అని త్రోసివేయరాదు. ఇంటిపని చేసుకొనిరాని పిల్లవానిని బల్ల మీద నిలబెట్టే ముందు, రాత్రి ఎక్కడ కూర్చుండి చదివినావని ఒకసారి అడిగి చూడవచ్చు. సాయంకాలం గంట కొట్టిన తరువాత బడిలో గదులన్నీ తాళాలతో ఉంటవి. వాటిలో ఒక్కదానిని మరి రెండు గంటలు తెరచి, దీపం వెలిగించి, బయటి వసారాను గొంతెత్తి చదివేవారికి విడిచిపెట్టవచ్చు. బాధ్యత ఎవరిదన్న ప్రశ్న వెంటనే వస్తుంది. తాళంచెవి నేడు ఎవరి దగ్గర ఉన్నదో, వారితోనే ఆ మాట మొదలుపెట్టవలె.