ఎరుపంతా ఎర్ర నాచు కాదు

పిల్లలూ! వానాకాలంలో భద్రాచలం వద్ద గోదావరిని చూశారా? నీరు ఎర్రగా, చిక్కగా పరుగులు తీస్తుంది. ఆ ఎరుపు నాచుది కాదు, వానలకు కొట్టుకువచ్చిన మట్టిది. ఊరి కుంటల మీద ఒక్కొక్కప్పుడు ఎర్రని తెట్టు కడుతుంది. అది తరచు యూగ్లీనా అనే సూక్ష్మజీవి పని. దానికి ఈదడానికి తోక వంటి పోగు ఉంటుంది. ఎర్ర నాచుకు ఏ దశలోనూ అటువంటి తోక ఉండదు.

మరి అసలైన ఎర్ర నాచు ఎక్కడుంది? దానిలో దాదాపు 7,000 జాతులున్నాయి. వాటిలో చాలావరకు సముద్రంలోనే పెరుగుతాయి. విశాఖపట్నం తీరాన నీరు వెనక్కు తీసినప్పుడు రాళ్ల మీద గ్రాసిలేరియా అనే ఎర్ర నాచు కనిపిస్తుంది.

దానికా ఎరుపు ఎందుకు? ఆకులలో ఉండే పత్రహరితం దీనిలోనూ ఉంది. కాని ఫైకోఎరిత్రిన్ అనే ఎర్రని పదార్థం దానిని కప్పివేస్తుంది. ఎండలోని ఎర్రని కాంతి నీటిలో లోతుకు పోలేదు. నీలి, ఆకుపచ్చ కాంతులు పోగలవు. ఈ పదార్థం ఆ కాంతిని పట్టి పత్రహరితానికి అందిస్తుంది. 1984లో బహామా దీవుల వద్ద 268 మీటర్ల లోతున కూడా ఎర్ర నాచు దొరికిందంటే ఇదే కారణం. ఈ నాచును నీటిలో ఉడికిస్తే ఎరుపు పోయి, లోపల దాగిన పచ్చదనం బయటపడుతుంది!

సముద్రం మనకు దూరమే. అయినా ఎర్ర నాచు మన ఆసుపత్రులకు వచ్చింది. దాని నుంచి అగర్ అనే జిగురు తీస్తారు. 1881లో జర్మనీలో ఫానీ హెస్సె అనే ఇల్లాలు, వంటలో తాను వాడే అగర్ మీద రోగక్రిములను పెంచి చూడమని భర్తకు సలహా చెప్పింది. అంతకుముందు వాడిన జెలటిన్ వేడికి కరిగిపోయేది, అగర్ కరగలేదు. రోగి రక్తంలో ఏ క్రిమి ఉన్నదో తెలుసుకోవడానికి నేటికీ అగర్‌ను వాడతారు.

ఎర్ర నాచులలో నూటికి నాలుగయిదు జాతులు మాత్రం మంచినీటిలో ఉంటాయి. బట్రాకోస్పెర్మమ్ అటువంటిది. చూడటానికి కప్పగుడ్ల దండలా జిగటగా, ముదురు పచ్చగానో గోధుమ రంగులోనో ఉంటుంది. పేరుకు ఎర్ర నాచు, రంగు వేరు! చెట్ల నీడన, రాళ్ల మీదుగా పారే తేటనీరు దానికి ఇష్టం. నీడనిచ్చే చెట్లు కొట్టినా, వాగులో మురుగు కలిపినా అది బతకదు.

ఈసారి పెద్దలతో అడవి వాగుకు వెళ్లినప్పుడు రాళ్లను పరీక్షగా చూడండి. అటువంటి దండ కనిపిస్తే పీకకండి. భూతద్దంతో చూసి, బొమ్మ గీసి మీ మాస్టారికి చూపండి.