పాత కారు కూడ ఒక ప్రాచీన ప్రతియే

పాత వస్తువులను ప్రేమించేవారు రెండు తెగలు. ఒకరికి వస్తువు కావలెను. మరొకరికి దాని తళుకు కావలెను. యూరపు, అమెరికా దేశాలలో తయారైన ప్రాచీన కార్లను సేకరించి బాగుచేయించడం మన దేశంలో కూడ ఒక వేడుకగా ఉన్నది. సిరిగలవారి సరదాతో బడిపంతుళ్లకు, విద్యార్థులకు పని యేమి అని అడుగవచ్చును. పని ఉన్నది. ప్రాచీన కావ్యాల పాఠపరిష్కరణకు ఏది ధర్మమో, ఈ వేడుకకూ అదే ధర్మం. అది తప్పిన చోట బాగుచేయడమే పాడుచేయడం అవుతుంది.

శిథిలమైన తాళపత్ర ప్రతిని చేపట్టిన పరిష్కర్త ఏమి చేస్తాడు? లేఖకుల పొరపాట్లను గుర్తిస్తాడు, ప్రక్షిప్తాలను వేరుచేస్తాడు, గ్రంథపాతమైన చోట చుక్కలు పెట్టి ఊరకుంటాడు. తానొక అక్షరం సవరిస్తే ఆ సంగతి అధోజ్ఞాపికలో చెప్పుకొంటాడు. అట్లు కాక, పద్యం తనకు నచ్చలేదని కొత్త చరణం కట్టి కవి పేర చెలామణి చేసేవాడు ఎంత పండితుడైనా పరిష్కర్త కాడు.

కార్ల విషయమూ ఇంతే. అమెరికాలోని ఫోర్డు సంస్థ 1908 నుండి 1927 వరకు కోటిన్నరకు పైగా మోడల్-టీ కార్లు చేసింది. వానిలో 1914 మొదలు 1925 వరకు వచ్చిన కార్లకు నలుపు తప్ప మరొక రంగు లేదు. 1920 నాటి ఫోర్డుకు ఎర్రరంగు పూస్తే కన్నులకు ఇంపుగానే ఉండవచ్చును. కాని అది ప్రక్షిప్తం. క్రోమియం పూత కార్లపై వాడుకకు వచ్చినది 1920ల చివరి భాగంలో. అంతకు ముందు ఇత్తడి, నికెలు. 1912 నాటి కారు దీపాలు క్రోమియంతో తళతళలాడుతుంటే, నన్నయ పద్యంలో నిన్నటి వాడుకమాట దొరికినట్లే.

ఈ ధర్మాన్ని లోకం ఇప్పటికే అంగీకరించింది. ప్రాచీన కట్టడాల రక్షణకై 1964లో వెనిసులో ఒక ప్రమాణపత్రం వెలువడింది. దానిని మాదిరిగా తీసుకొని 2013లో పాత వాహనాలకు తూరిన్ పత్రం ఏర్పడింది. ఉన్నదానిని కాపాడడమే మొదటి కర్తవ్యమనీ, మార్చిన భాగాలను గుర్తించే వీలుండవలెననీ దాని సారాంశం. మన కేంద్ర ప్రభుత్వం 2021లో చేసిన నియమాలు కూడ, యాభై ఏండ్లు నిండి, చట్రంలోను, పైతొడుగులోను, ఇంజనులోను మార్పులు లేని వాహనానికే ప్రాచీన వాహనమనే గుర్తింపు ఇస్తున్నవి. కొత్తగా నమోదు చేసుకొనేందుకు రుసుము 20,000 రూపాయలు.

కారు పాతదైతే చాలునా, గొప్పవారిదై కూడ ఉండవలెనా? హైదరాబాదు చౌమహల్లా ప్రాసాదంలో నిజాముల కాలపు పసుపుపచ్చని రోల్స్ రాయిస్ ఉన్నది. చూడదగినదే. కాని అది రాజుల చరిత్ర. 1932లో నిజాం రైల్వేకు అనుబంధంగా 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో రోడ్డు రవాణా శాఖ మొదలైంది. ఆ బస్సులు స్కాట్లాండులోని ఆల్బియన్ కంపెనీవి. వాని సంఖ్యలలోని జెడ్ అక్షరం ఏడవ నిజాము తల్లి జహ్రా బేగం పేరిట పెట్టినదని ప్రతీతి. నేటికిని ఆర్టీసీ సొంత బస్సులపై ఆ అక్షరం కనబడుతున్నది. కోరుట్ల బస్సు స్టాండులో నిలిచిన విద్యార్థి ఆ ఒక్క అక్షరాన్ని పట్టుకొని తొంబది ఏండ్లు వెనుకకు పోవచ్చును. ప్రజల చరిత్ర అటువంటి చోట ఉన్నది.

కోరుట్ల, సిరిసిల్ల వంటి ఊళ్లలో రోల్స్ రాయిస్ వెదకనక్కరలేదు. 2014లో తయారీ ఆగిన అంబాసిడరు ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డుకు మన రూపం. పద్మిని ఇటలీ ఫియట్ బిడ్డ. జీపు పుట్టిల్లు అమెరికా. ఇవన్నీ మన వీధులలో తిరిగినవి. పాతసామాను కొట్లకు తూకంలెక్కన పోయినవీ ఉన్నవి. ఇనుము పోతే పోయిందనుకొందాము. ఇంజను చప్పుడు విని జబ్బు చెప్పగలిగిన, దొరకని భాగాన్ని లేతు మీద తానే చేసుకొన్న వృద్ధ మేస్త్రీల విద్య కూడ దానితోపాటే పోతున్నది. తాళపత్రాలు చెదలపాలైనప్పుడు మనం వగచినాము. ఆ విద్యకు తాళపత్రం కూడ లేదు. వారి నోటనే ఉన్నది.

కనుక పంతుళ్లకు ఒక మనవి. ఒక సెలవుదినాన విద్యార్థులను ఊరిలోని పాత షెడ్డుకు పంపండి. బండి ఏ దేశపుది, ఏ సంవత్సరానిది, చట్రం సంఖ్య ఏమి, ఏ భాగం ఎప్పుడు ఎందుకు మార్చినారు, మార్చిన చేయి ఎవరిది అని వ్రాసుకొని రమ్మనండి. ధనవంతుడు కారును కొనగలడు, రంగు వేయించగలడు. దానికి పీఠిక వ్రాయడానికి మాత్రం డబ్బు అక్కరలేదు. ఒక నోటుపుస్తకం, ఓపికగా వినే చెవి చాలును.