పడిపోయిన హీరోకి పట్టాభిషేకమా?

భారతంలో ధర్మరాజు రథం నేలకు నాలుగు వేళ్ల ఎత్తున నడిచేదట. ఆయన సత్యానికి దక్కిన గౌరవం అది. ద్రోణపర్వంలో అశ్వత్థామ చచ్చాడని గురువుతో చెప్పి, చచ్చింది ఏనుగన్న మాటను వినపడకుండా గొణిగిన మరుక్షణం ఆ చక్రాలు నేలను తాకాయి. పిడుగు పడలేదు, ఆకాశవాణి పలకలేదు. రథం మామూలు రథమైంది, అంతే. వ్యాసుడు మాత్రం దాన్ని మర్చిపోలేదు. యుద్ధం గెలిచి, రాజ్యమేలి, భార్యనూ తమ్ముళ్లనూ దారిలో పోగొట్టుకుని స్వర్గం చేరినవాడికి, ఆ ఒక్క అబద్ధానికి ముందుగా నరకం చూపించి కానీ వదల్లేదు. ధర్మరాజంతటివాడికే లెక్క తప్పలేదు.

మన తెర మీది హీరోకి తప్పుతోంది. నా కోపమంతా అక్కడే.

పతనమైన హీరో అంటే ఎవరో ముందు తేల్చుకుందాం. ఎర్రచందనం స్మగ్లర్లూ, గనుల డాన్లూ ఈ కోవలోకి రారు. వాళ్లు సినిమా పొడుగునా పైకే పోతారు. పడాలంటే ముందు ఒక ఎత్తు ఉండాలి: చదువో, ప్రతిభో, నలుగురూ పెట్టుకున్న నమ్మకమో. ఆ ఎత్తు నుంచి మనిషి తన లోపం వల్లే, చేజేతులా కిందికి జారాలి. మరీ పుణ్యాత్ముడూ కాని, మరీ నీచుడూ కాని మనిషి తన పొరపాటు వల్ల కూలిపోతే చూసేవాళ్లకు జాలీ భయమూ కలుగుతాయని అరిస్టాటిల్ ఏనాడో చెప్పాడు. వాడి మీద జాలి, మనకూ అదే గతి పట్టవచ్చునన్న భయం. ఇవాళ మన సినిమా జాలిని ఉంచుకుని భయాన్ని కోసి పారేసింది.

తెలుగువాడికి ఈ పాత్ర అనగానే గుర్తొచ్చేది దేవదాసు. 1917లో అచ్చయిన శరత్ నవలలోని బెంగాలీ కుర్రవాడు 1953లో వేదాంతం రాఘవయ్య సినిమాతో, అక్కినేని ముఖంతో మనవాడైపోయాడు. గడ్డం, శాలువా, సీసా, పక్కన కుక్క మనకు బాగా గుర్తున్నాయి. ఆ పతనం ఎక్కడ మొదలైందో మర్చిపోయాం. నవలలో పార్వతి పరువు పక్కనపెట్టి అర్ధరాత్రి అతని గదికి వచ్చి అడుగుతుంది. పెద్దవాళ్లను ఎదిరించే ధైర్యం అతనికి చాలదు. కలకత్తా పోయి, నీ మీద నాకంత ప్రేమ లేదని ఉత్తరం రాసి పడేస్తాడు. మనసు మార్చుకుని తిరిగొచ్చేసరికి ఆమె కాదంటుంది. అప్పుడు చేతిలో ఉన్న గాలం కర్రతో ఆమె నుదురు పగిలేలా కొడతాడు. ఇందులో ప్రేమ విఫలమైంది ఎక్కడ? విఫలమైంది అతని ధైర్యం. తాగుడంతా ఆ పిరికితనానికి కప్పుకున్న ముసుగు.

శరత్ ఆ లెక్క వదల్లేదు. చచ్చేలోపు ఒక్కసారి వస్తానన్న మాట కోసం ఎడ్లబండిలో పడి వచ్చినవాడు, పార్వతి ఇంటి ముందు చెట్టు కింద అనామకుడిలా ప్రాణం విడుస్తాడు. సంగతి తెలిసి ఆమె పరిగెత్తుకు రాబోతే ఇంటివాళ్లు ఆపేస్తారు. కడసారి చూపు కూడా దక్కదు. మనం ఆ కథలోంచి శాలువా తెచ్చుకున్నాం, ఆ చెట్టు కింద చావును అక్కడే వదిలేశాం.

1983లో కె. విశ్వనాథ్ తీసిన ‘సాగర సంగమం’ చూడండి. కమల్ హాసన్ వేసిన బాలు గొప్ప నాట్యకారుడు కావలసినవాడు, తాగుబోతయ్యాడు. తప్పతాగి బావి గోడ మీద నాట్యం చేస్తూ, ఏ క్షణాన లోపలికి పడతాడోనన్నట్టు ఉంటాడు. ఎదురుగా ఒకప్పుడు అతను ప్రేమించిన మాధవి కనిపిస్తుంది, నుదుట బొట్టుతో. వాన మొదలవుతుంది. ఆ బొట్టు కరిగిపోకుండా తూలుతున్న మనిషి తన అరచెయ్యి అడ్డుపెడతాడు. ఆమె భర్త పోయాడన్న సంగతి అతనికి తెలియదు, మనకు తెలుసు. పతనమంటే ఇదీ. అంత దిగజారినా మనిషిలో మిగిలిన మంచి ఎంతో ఆ చేతిలో కనపడుతుంది, చేజార్చుకున్నది ఎంతో పక్కనున్న బావి చెబుతుంది. దర్శకుడు అతనికి పోయిన కీర్తిని తిరిగివ్వలేదు, పాడైన ఒంటిని బాగుచేయలేదు. తనకు దక్కనిది ఇంకొకరికి నేర్పే అవకాశం మాత్రం ఇచ్చాడు. దాని ఖరీదు అతని ప్రాణం.

ఇక 2017 నాటి ‘అర్జున్ రెడ్డి’. పనితనం లేని సినిమా అని నేననను. సందీప్ రెడ్డి వంగాకు కెమెరా తెలుసు, విజయ్ దేవరకొండ ప్రాణం పెట్టి చేశాడు. కోపం అందుకే ఎక్కువ. మంచి సర్జన్ తాగి ఆపరేషన్‌కు వెళ్లి అక్కడే కుప్పకూలిపోతాడు. విచారణలో, తప్పించుకునే ప్రయత్నం చేయకుండా, తప్పు చేశానని తన నోటితోనే ఒప్పుకుంటాడు. ఆ సన్నివేశం నిజమైన పతనం. అది చూసి, తెలుగు సినిమా ఎన్నాళ్లకో ఒక మనిషిని నిలబెట్టి లెక్క అడిగిందనిపిస్తుంది. కానీ ఆ లెక్క ఉద్యోగం దాకానే. ఆడవాళ్ల దగ్గరికొచ్చేసరికి పద్దు మూసేశారు. మొదట్లోనే ఒకమ్మాయిని కత్తి చూపించి బెదిరించిన మనిషిని ఆ సంగతి మళ్లీ ఎవరూ అడగరు. తాను ప్రేమించిన ప్రీతిని చెంపదెబ్బ కొట్టడాన్ని ప్రేమ కిందే జమకట్టారు. అతను తాగుతూ తిరిగిన నెలలన్నీ మనకు పూసగుచ్చినట్టు చూపించారు. అదే నెలల్లో ఆమె కడుపుతో, పెళ్లి వదులుకుని, ఒంటరిగా ఎలా బతికింది? పార్కులో కొన్ని మాటలతో సరిపెట్టారు. చివరకు భార్య, బిడ్డ, తండ్రి ఆదరణ, అన్నీ అతని ఒడిలోకే వచ్చి పడ్డాయి. పడ్డది అతను, దెబ్బ తగిలింది ఆమెకు, సానుభూతి అతనికి! 2019లో హిందీకీ తమిళానికీ వెళ్లినా ఆ ముగింపు చెక్కుచెదరలేదు.

లోపాలున్న మనిషిని చూపించడం నిజాయితీ కాదా అని అడుగుతారు. సగం నిజాయితీ. ఆ లోపం ఎవరి వీపు మీద దిగిందో చూపిస్తే మిగతా సగం. పోతన భాగవతంలో నిద్రపోతున్న ఉపపాండవులను చంపిన అశ్వత్థామను అర్జునుడు కట్టి తెచ్చి ద్రౌపది ముందు పడేస్తాడు. కథ అక్కడ ఆగి ఆమె మాట వింటుంది. ఆయుధం పట్టని పసివాళ్లను చంపడానికి చేతులెలా వచ్చాయని ఆమె నిలదీస్తుంది. తనలాగే అతని తల్లి ఏడవకూడదని వదిలెయ్యమంటుంది. క్షమించే హక్కు గాయపడిన మనిషిది. ఇవాళ ఆ హక్కును దర్శకుడు లాక్కుని, రీరికార్డింగ్ హోరులో తానే క్షమించేస్తున్నాడు. ప్రేక్షకుడి చేత చప్పట్లు కొట్టించి దానికి ముద్ర వేయిస్తున్నాడు.

కర్ణుణ్ణి మనం ప్రేమిస్తాం, ప్రేమించాలి కూడా. సూతపుత్రుడని సభలో అవమానించిన లోకం మీద మన కోపం న్యాయమైనదే. అయితే నిండు సభలో ద్రౌపదిని అనరాని మాటలన్నవాడూ అతనే. ఆ రెండోదాన్ని భారతం దాచలేదు. దుర్యోధనుణ్ణి మెప్పించడానికి పాండవుల గురించి పరుషంగా మాట్లాడానని, దానికిప్పుడు కుమిలిపోతున్నానని ఉద్యోగపర్వంలో కర్ణుడే కృష్ణుడితో చెబుతాడు. ఆ ఒప్పుకోలు వల్లే అతను మహాపాత్ర అయ్యాడు. దాన్ని తీసేసి రథచక్రాన్ని, శాపాలను మాత్రమే చూపిస్తే మిగిలేది విధివంచితుడు. విధివంచితుడి మీద జాలి పడి చేతులు దులుపుకోవచ్చు. తప్పు తెలుసుకున్నవాడి ముందు మన తప్పులు మనకు గుర్తొస్తాయి.

సినిమా నీతిబోధ కాదన్న మాట నాకూ తెలుసు. గోపీచంద్ నవల ‘అసమర్థుని జీవయాత్ర’లో నీతిబోధ ఎక్కడుంది? వంశ ప్రతిష్ఠను మోస్తూ, ఆస్తి కరిగించుకుంటూ, ఆ కసి భార్య మీద చూపించే సీతారామారావును ఆయన తిట్టలేదు, మెచ్చుకోలేదు, వదిలిపెట్టనూ లేదు. చివరిదాకా వెంటపడి అతని బుర్రలో జరిగేదంతా మనకు వినిపించాడు. ఆ నవల మూసేశాక ఎవడికీ అతనిలా బతకాలనిపించదు, అతన్ని అసహ్యించుకోవాలనీ అనిపించదు. రచయిత పని అది. హీరోను శిక్షించమని నేనడగడం లేదు. తెలుగులో ఇదివరకే చేసి చూపించిన ఆ పనిని ఇప్పుడూ చేయమంటున్నాను.

దర్శకులారా, అభిమానులు ఒప్పుకోరన్న సాకు ఇక చెప్పకండి. దేవదాసు చావును, బాలు చావును గుండెల్లో పెట్టుకున్నది ఈ తెలుగు ప్రేక్షకులే. భయపడుతున్నది వాళ్లు కాదు, మీరు. మీ హీరోను పడెయ్యండి, బాగా ఎత్తునుంచే పడెయ్యండి. పడ్డప్పుడు ఎవరి మీద పడ్డాడో కెమెరా తిప్పి చూపించండి. ఆమెను మాట్లాడనివ్వండి. కాదంటే కాదననివ్వండి, తలుపు మూస్తే మూయనివ్వండి. ఆపైన అతను లేస్తాడో లేవడో కథ తేలుస్తుంది. అంత ధైర్యం లేనప్పుడు పతనమన్న మాట జోలికి పోకండి. గడ్డం పెంచి, సీసా పట్టించి, చివర్లో పట్టాభిషేకం చేసేది హీరో పతనం కాదు, హీరోకి రాసిచ్చిన మాఫీ. ఆ మాఫీ ఇచ్చే అధికారం మీకెవరూ ఇవ్వలేదు.