తెలంగాణ గ్రామీణ బ్యాంకు

తెలంగాణ గ్రామీణ బ్యాంకు తెలంగాణ రాష్ట్రంలో పనిచేస్తున్న ప్రాంతీయ గ్రామీణ బ్యాంకు. దీని ప్రధాన కార్యాలయం హైదరాబాదులో ఉన్నది. కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాలకు ఒకప్పుడు వేర్వేరుగా ఉండిన గ్రామీణ బ్యాంకులు నేడు ఇందులో భాగములు.

నేపథ్యం

భారతదేశంలో మొదటి గ్రామీణ బ్యాంకులు 1975 అక్టోబరు 2న ఏర్పడినవి. 1976 నాటి చట్టం ప్రకారం మూలధనంలో కేంద్ర ప్రభుత్వానికి 50 శాతం, ప్రాయోజక బ్యాంకుకు 35 శాతం, రాష్ట్ర ప్రభుత్వానికి 15 శాతం వాటా ఉంటుంది. కొద్ది జిల్లాలకే పరిమితమైన బ్యాంకు అక్కడి పంటలను, ప్రజలను దగ్గరగా ఎరిగి అప్పులు ఇవ్వగలదన్నది దీని మూల ఉద్దేశం.

విలీనాలు

స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ ప్రాయోజకత్వంలో కరీంనగర్‌లో శ్రీ శాతవాహన, ఆదిలాబాదులో శ్రీ సరస్వతి గ్రామీణ బ్యాంకులు పనిచేసేవి. 2006లో ఇవి శ్రీరామ, గోల్కొండ గ్రామీణ బ్యాంకులతో కలిసి దక్కన్ గ్రామీణ బ్యాంకుగా ఏర్పడినవి. 2014లో దీని పేరు తెలంగాణ గ్రామీణ బ్యాంకుగా మారినది. 2017 ఏప్రిల్ 1న స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ భారతీయ స్టేట్ బ్యాంకులో విలీనమగుటతో, ఫ్రాంక్‌ఫర్ట్ వంటి ఐరోపా నగరాలలోనూ వ్యాపారం చేసే బ్యాంకు దీనికి ప్రాయోజకురాలైనది. 2025 జనవరి 1న ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకుకు చెందిన తెలంగాణ శాఖలు కూడా ఇందులో చేరగా, మొత్తం శాఖల సంఖ్య 900 దాటినది.

ఐరోపాలో ఇటువంటి ఉదాహరణ

జర్మనీలో రైఫైజెన్ ప్రారంభించిన గ్రామీణ పరపతి సంఘాల పద్ధతి 19వ శతాబ్దం చివరలో నెదర్లాండ్స్‌కు కూడా వ్యాపించినది. అటువంటి సంఘాల నుండి ఎదిగిన రాబోబ్యాంకు నేడు అనేక దేశాలలో వ్యవసాయ, ఆహార రంగాలకు అప్పులిస్తున్నది. 2016 జనవరి 1న అందులోని 106 స్థానిక బ్యాంకులు తమ ప్రత్యేక లైసెన్సులను వదలుకొని ఒకే బ్యాంకుగా మారినవి.

లాభనష్టాలు

విలీనం వలన మూలధనం బలపడుతుంది. ఒక జిల్లాలో వర్షాభావం వలన బాకీలు వసూలు కాకపోయినా, ఇతర జిల్లాల ఆదాయం బ్యాంకును నిలబెడుతుంది. అయితే నిర్ణయాధికారం గ్రామానికి దూరమయ్యే ప్రమాదం ఉన్నది. ఆదిలాబాదు రైతు ఎక్కువగా వర్షాధారపు పత్తిపై ఆధారపడగా, కరీంనగర్ రైతు శ్రీరాంసాగర్ కాలువ నీటితో వరి పండిస్తాడు. వీరికి అప్పు కావలసిన సమయం, తీర్చగలిగే సమయం ఒకటి కావు. పట్టాదారు పాసుపుస్తకం లేని కౌలు రైతు శక్తిని అంచనా వేయుటకు స్థానిక పరిచయమే ముఖ్య ఆధారం. అటువంటి రైతుకు అదనులో బ్యాంకు అప్పు అందనిచో, అతడు అధిక వడ్డీకి వడ్డీవ్యాపారి వద్దకే వెళ్ళవలసి వస్తుంది. కావున శాఖాధికారులకు తగిన అధికారం మిగిల్చినప్పుడే ఈ విలీనాలు గ్రామీణులకు మేలు చేయగలవు.