సరదాకే పెట్టారన్నారు

ఈ సంచికకు నేను రాయాలనుకున్న సంపాదకీయం వేరు. మిరపకోతల కూలి గురించి సేకరించిన కాగితాలు ముందు పెట్టుకుని కూర్చున్నాను. కానీ గత మూడు నెలలుగా నరసరావుపేటలో, మాచర్లలో, గురజాలలో కార్యకర్తలతో కూర్చున్న ప్రతిసారీ, కూలి గురించి మొదలైనా, పొదుపు గురించి మొదలైనా, మాట చివరికి ఫోను దగ్గరికి వచ్చి ఆగుతోంది. ఫోను దగ్గర కూడా కాదు, ఫోనులో వచ్చే ఒక చిన్న బొమ్మ దగ్గర. దాన్ని స్టిక్కర్ అంటారు. ఇంత చిన్నదాని గురించి సంపాదకీయమా అని నాకే అనిపించి రెండుసార్లు పక్కన పెట్టాను. మూడోసారి పెట్టలేకపోయాను.

గురజాల వైపు ఒక గ్రామంలో ఒక పథకం కింద పనిచేసే కార్యకర్త ఆమె. పేరు, ఊరు, పథకం పేరు రాయొద్దని కోరింది కాబట్టి రాయడం లేదు. ఆమె ఉద్యోగమంతా ఒక వాట్సాప్ గ్రూపులో నడుస్తుంది. హాజరు ఫొటో అందులోనే పెట్టాలి, సమావేశం కబురు అందులోనే వస్తుంది, రిపోర్టు ఆలస్యమైతే తిట్లూ అందులోనే. గ్రూపులో పై అధికారులు, పక్క శాఖల మగ సిబ్బంది, ఎందుకున్నారో ఎవరికీ తెలియని ఇద్దరు ఊరి పెద్దమనుషులు కూడా ఉన్నారు. రెండు నెలలుగా గౌరవ వేతనం పడలేదని ఒక రోజు ఆమె అందులో అడిగింది. అరగంటలో జవాబు వచ్చింది. కిందటి వారం సమావేశంలో ఎవరో తీసి అదే గ్రూపులో పెట్టిన ఫొటో నుంచి ఆమె ముఖం వరకూ కత్తిరించారు. మాట్లాడుతుండగా తీసిన ఫొటో కాబట్టి నోరు తెరిచి ఉంది, కళ్లు సగం మూసుకుని ఉన్నాయి. కింద రెండే మాటలు: "నోరు ముయ్యవే".

పదకొండు మంది నవ్వారు. నవ్వారంటే నవ్వే బొమ్మలు పెట్టారు. ఆ రోజు నుంచి ఆమె ఏం రాసినా, చివరికి చంటిపిల్లల బరువుల లెక్క పెట్టినా, దాని కింద ఆ బొమ్మ పడేది. ఎవరూ ఏమీ అనలేదని, ఎవరూ ఏమీ రాయలేదని అందరూ చెప్పగలరు, ఎందుకంటే నిజంగానే ఎవరూ ఒక్క అక్షరం రాయలేదు. వారం తిరక్కుండానే రెండో బొమ్మ వచ్చింది. ముఖం ఆమెదే, ఒళ్లు మాత్రం ఏదో సినిమా పాటలో నర్తకిది.

పై అధికారికి ఫోను చేసి ఏడ్చింది. "సరదాకే పెట్టారమ్మా, నువ్వంత మనసుకి పెట్టుకుంటే ఎట్టా?" అన్నాడాయన. ఇంట్లో చెప్పింది. భర్త ఫోను లాక్కున్నాడు. బొమ్మ చేసినవాడి ఫోను వాడి చేతిలోనే ఉంది, బొమ్మ అయిన మనిషి ఫోను పోయింది. శిక్ష ఎవరికి పడిందో చూశారు కదా.

ఈ స్టిక్కర్లు ఎక్కడి నుంచి వచ్చాయో కొంచెం చెప్పుకోవాలి, ఎందుకంటే మన మిత్రుల్లో చాలామంది వీటిని పిల్లల ఆటవస్తువులుగానే చూస్తున్నారు. జపాన్‌లో లైన్ అనే సందేశాల సర్వీసు 2011లో వీటిని జనంలోకి తెచ్చింది. టెలిగ్రామ్‌లోకి 2015లో వచ్చాయి. మన ఊళ్లలో అందరి చేతుల్లో ఉన్న వాట్సాప్‌లోకి 2018 అక్టోబరులో వచ్చాయి. అప్పుడే ఆ కంపెనీ బయటివాళ్లు కూడా స్టిక్కర్ల కట్టలు తయారుచేసి యాప్‌లుగా పెట్టుకోవడానికి తలుపు తెరిచింది. మూడు నుంచి ముప్ఫై బొమ్మలు, ఒక్కోటి 512 చుక్కల చదరం, వంద కిలోబైట్ల లోపు. ఇంతే నియమం. ఎవరి ముఖం, ఎవరి అనుమతితో అన్న నియమం ఆ లెక్కల్లో లేదు. వారాల్లోనే బ్రహ్మానందం ముఖాలు, సినిమా డైలాగులు, పండగ శుభాకాంక్షలు కట్టలు కట్టలుగా దిగాయి. 2024 నుంచి బయటి యాప్ అవసరం కూడా పోయింది. వాట్సాప్‌లోనే ఒక ఫొటోను ఎంచుకుంటే మనిషి ఆకారం వెనకున్న గోడ నుంచి, పక్కనున్న మనుషుల నుంచి విడివడి వచ్చేస్తుంది. పక్కనున్న మనుషుల నుంచి విడివడడం అన్న మాట ఇక్కడ రాస్తుంటే నాకు వేరే అర్థం కూడా తోస్తోంది.

ఫొటోకూ స్టిక్కర్‌కూ ఉన్న తేడా మనం గమనించాలి. స్టిక్కర్‌ను చూసినవాళ్లు ఒక్క వేలితో తమ దగ్గర దాచుకోవచ్చు. పంపినవాడు తర్వాత "అందరికీ డిలీట్" చేసినా, దాచుకున్నవాళ్ల దగ్గర అది అలాగే ఉంటుంది. వేరే ఊరి గ్రూపులో వేరే స్త్రీ మాట్లాడినప్పుడు ఆమె మీద కూడా పడుతుంది. అంటే ఒక స్త్రీ ముఖం ఇంకో స్త్రీ నోరు మూయించే పనిముట్టు అవుతుంది. ఆ కార్యకర్త ముఖం మాచర్ల వైపు ఒక చీటీపాట గ్రూపులో తిరుగుతోందని ఆమెకు చెప్పింది ఆమె చెల్లెలే.

ముందు తరం అక్కలు సినిమా హాళ్ల దగ్గర అశ్లీల పోస్టర్లకు తారు పూశారు. ఆ పోరాటాల కాలంలోనే 1986లో స్త్రీలను అసభ్యంగా చిత్రించడాన్ని నిషేధించే చట్టం వచ్చింది. పోస్టరుకు ఒక గోడ ఉండేది, ప్రింటు వేసిన ప్రెస్సు పేరు ఉండేది, అతికించిన కుర్రాడు దొరికేవాడు. ఈ బొమ్మకు గోడ లేదు. తారు డబ్బా పట్టుకుని ఎక్కడికి వెళ్లాలి? పోస్టరు మీద ఉన్నది ఎవరో తారామణి. దీని మీద ఉన్నది మన పక్కింటి మనిషి.

అలాగని నేను బొమ్మలకు వ్యతిరేకిని కాను. చదువు రాని మన కూలి అక్కలు ఈ బొమ్మల్ని ఎంత తెలివిగా వాడుకుంటున్నారో చూశాక ఆ మాట అనలేను కూడా. మిరపకోతల రోజుల్లో ముఠా మేస్త్రి రాత్రి వాయిస్ పెడుతుంది, రేపు ఫలానా పొలం, ఆటో ఇన్ని గంటలకని. వచ్చేవాళ్లు దణ్ణం బొమ్మ పెడతారు, రానివాళ్లు జ్వరంతో పడుకున్న పాప బొమ్మ పెడతారు. మేస్త్రి బొమ్మలు లెక్కపెట్టి ఆటో మాట్లాడుతుంది. ఒక్క అక్షరం రాయకుండా ఇరవై మంది హాజరు తేలుతుంది. ఒకామె కూలి తక్కువిచ్చిన రైతు గురించి ఏ బొమ్మ వాడిందో ఇక్కడ రాయను, కానీ ఆ రోజు మేం కడుపుబ్బ నవ్వుకున్నాం. నవ్వు మనకేం శత్రువు కాదు. ఎవరి నోటి మీద ఎవరు నవ్వుతున్నారన్నదే ప్రశ్న.

పల్నాడులో ఆడదాని నోటికి ఒక పాత లెక్క ఉంది. పన్నెండో శతాబ్దంలో గురజాల రాజ్యంలో మంత్రాంగం నడిపిన నాయకురాలు నాగమ్మ గురించి మనకు అందిన కథల్లో ఎక్కువ భాగం, అంత యుద్ధానికీ ఆమె కుట్రే మూలమన్నట్టు చెబుతాయి. కత్తులు పట్టిన మగవాళ్లు వీరులై గుళ్లలో పూజలందుకున్నారు. ఆమె మాట్లాడిందే నేరమైంది. ఇదంతా ఫోను వల్లే వచ్చిందని నేను అనడం లేదని చెప్పడానికే ఈ మాట.

చట్టం సంగతికొద్దాం. 2018లో మద్రాసు హైకోర్టు మదురై బెంచి ముందుకు ఒక కేసు వచ్చింది. టెలికాం ఉద్యోగుల వాట్సాప్ గ్రూపులో ఒక మహిళా అధికారి పెట్టినదాని కింద సహోద్యోగులు కన్నీళ్లు వచ్చేలా నవ్వే బొమ్మలు పెట్టారు. ఆమె కేసు పెట్టింది. అలాంటి బొమ్మ పెట్టడం తమ భావాన్ని చెప్పుకోవడమే తప్ప ఇంకొకరి మీద చేసిన చర్య కాదని కోర్టు ఆ కేసును కొట్టివేసింది. నవ్వే బొమ్మకు పోలీసు కేసు వద్దనడాన్ని నేను కొంతవరకు ఒప్పుకుంటాను. 2015లో సుప్రీంకోర్టు కొట్టేసిన 66ఎ సెక్షన్‌తో పోలీసులు ఎవరెవర్ని జైల్లో పెట్టారో చూసినవాళ్లం, మాటకు జైలు కోరేటప్పుడు మనం జాగ్రత్తగా ఉండాలి. కానీ ఒక స్త్రీ ముఖాన్ని ఆమెకు తెలియకుండా తీసుకుని ఆమె మీదే వాడడం భావవ్యక్తీకరణ కాదు. ఆ ముఖాన్ని వేరే ఒంటికి అతికించడం అసలే కాదు. దానికి భారతీయ న్యాయ సంహితలో 75, 79 సెక్షన్లు ఉన్నాయి, బొమ్మ అశ్లీలమైతే ఐటీ చట్టం 67 ఉంది. మార్ఫింగ్ బొమ్మను బాధితురాలు ఫిర్యాదు చేసిన 24 గంటల్లో తీసే చర్యలు చేపట్టాలని 2021 ఐటీ నిబంధనల్లోనే కంపెనీలకు చెప్పారు. 1930కి ఫోను చేయొచ్చు.

అయితే మన సంస్థలు దాదాపు మరిచిపోయిన చట్టం వేరే ఉంది. 2013లో వచ్చిన పనిచోట లైంగిక వేధింపుల చట్టం. అందులో వేధింపు అంటే తాకడం, అనడం మాత్రమే కాదు. ఇష్టం లేని లైంగిక స్వభావం గల "మాటలు కాని" ప్రవర్తన కూడా అని స్పష్టంగా ఉంది. మాటలు కాని ప్రవర్తన అంటే స్టిక్కర్ కాక మరేమిటి? ఉద్యోగి అంటే జీతం వచ్చేవాళ్లే కాదు, జీతం లేకుండా స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లూ ఉద్యోగులేనని అదే చట్టం చెబుతోంది. కాబట్టి "మీది గౌరవ వేతనమే కదమ్మా" అనే మాట చెల్లదు. పని కోసం వెళ్లిన ఏ చోటైనా పనిచోటే. హాజరు వేసే చోటు, పై అధికారి ఆజ్ఞలు ఇచ్చే చోటు, వదిలి వెళితే పని పోయే చోటు పనిచోటు కాకపోతే ఇంకేది? పదిమంది కంటే తక్కువ పనిచేసేచోట, లేదా ఫిర్యాదు యజమాని మీదే అయినప్పుడు, జిల్లాలోని స్థానిక కమిటీకి రాయాలి. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ప్రతి జిల్లాలోనూ ఈ చట్టం కింద అధికారిని నియమించాలని, స్థానిక కమిటీలు వేయాలని గడువులు పెట్టి మరీ ఆదేశించింది. 2022లో ఏర్పడిన మన జిల్లాలో ఆ కమిటీ సభ్యులెవరని నేను మూడు సమావేశాల్లో అడిగాను. దాదాపు నూట ఇరవై మంది కార్యకర్తల్లో ఒక్కరూ చెప్పలేకపోయారు. ఇందులో మన తప్పు కూడా ఉంది.

ఇంకో సంగతి. 2013 చట్టం పరిధిలోకి స్వచ్ఛంద సంస్థలు కూడా వస్తాయి. మన సంస్థల గ్రూపుల్లో ఏం జరుగుతోంది? ఒక సంస్థలో పనిచేసే యువతి ఆలస్యంగా వచ్చిన ప్రతిసారీ "పెళ్లికూతురు వచ్చింది" అనే బొమ్మ పెడతారట, పెట్టేది ఆడవాళ్లేనట. ఆమె సమావేశంలో లేచి చెప్పినప్పుడు గది నిశ్శబ్దమైపోయింది.

గ్రూపు నడిపేవాళ్ల బాధ్యత గురించి కూడా తగాదా వచ్చింది. సభ్యులు పెట్టినదానికి అడ్మిన్ నేరస్థుడు కాడని 2021లో బొంబాయి హైకోర్టు నాగ్‌పూర్ బెంచి, 2022లో కేరళ హైకోర్టు చెప్పాయి. సరే, నేరస్థుడు కాకపోవచ్చు. కానీ 2022 నుంచి సభ్యులు పెట్టినదాన్ని అందరికీ తుడిచేసే అధికారం అడ్మిన్‌కు ఉంది. ఆఫీసు గ్రూపుకు అడ్మిన్ అయిన అధికారి ఆ వేలు కదపకపోతే అది వేధింపు చూస్తూ ఊరుకోవడమే. శాఖాపరంగా అడగవచ్చు, అడగాలి.

ఇక యాప్‌ల విషయం. గ్రామాల్లో జీబీ వాట్సాప్ లాంటి నకలు వాట్సాప్‌లు తిరుగుతున్నాయి. మనం తుడిచేసిన సందేశాన్ని కూడా చూపిస్తాయి. అసలు వాట్సాప్‌లోనే ఒక నంబరును నాలుగు ఇతర పరికరాలకు కలుపుకునే వీలుంది. భార్య నిద్రపోయాక ఆమె ఫోనుతో ఒక్కసారి స్కాన్ చేస్తే చాలు, ఆమె మాటలన్నీ తన ఫోనులో చదువుకునే భర్తల గురించి మాచర్లలో ఇద్దరు చెప్పారు. ఇలాంటి నిఘా కూడా నేరమేనని న్యాయ సంహిత 78 సెక్షన్ కింద వాదించవచ్చు, కానీ ముందు సెట్టింగ్స్‌లో "లింక్డ్ డివైసెస్" తెరిచి చూడడం ప్రతి సమావేశంలో నేర్పాలి. రెండు నిమిషాల పని. ఇంతకంటే ఘోరమైనవి ఉన్నాయి. బట్టలతో ఉన్న స్త్రీ ఫొటో ఇస్తే బట్టల్లేకుండా చేసిచ్చే ఒక టెలిగ్రామ్ బాట్‌కు లక్షకు పైగా స్త్రీల ఫొటోలు బలయ్యాయని 2020లోనే సెన్సిటీ అనే సంస్థ బయటపెట్టింది. 2021లో, మళ్లీ 2022 జనవరిలో ముస్లిం స్త్రీల ఫొటోలు పెట్టి "వేలం" వేసిన రెండు యాప్‌లు దేశాన్ని కుదిపాయి. పట్టుబడినవాళ్లలో ఎక్కువమంది ఇరవై ఏళ్ల చుట్టుపక్కల వాళ్లు, ఒక అమ్మాయి కూడా ఉంది. వాళ్లూ సరదా దగ్గరే మొదలుపెట్టి ఉంటారు.

ఫోను మానేయమని సలహా ఇచ్చేవాళ్లకు ఒక మాట. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి మన రాష్ట్రంలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు 21 శాతం, పురుషులు 48.8 శాతం. ఇంత తేడా ఉన్నచోట ప్రభుత్వం 2025 జనవరి 30న "మన మిత్ర" పేరుతో 161 సేవలను వాట్సాప్‌లోకి తెచ్చింది. సర్టిఫికెట్లు, బిల్లులు, అర్జీలు అన్నీ అక్కడికే పోతున్నాయి. అలాంటప్పుడు ఒక స్త్రీ చేతిలో నుంచి ఫోను లాక్కుంటే పోయేది బొమ్మలు మాత్రమే కాదు.

ఆ కార్యకర్త ఫిర్యాదు రాసింది. నాలుగు పేజీలు, తన చేతిరాతతో. చివరి సంఘటన జరిగిన మూడు నెలల లోపు ఇవ్వాలి. ఇంకా పంతొమ్మిది రోజులు ఉన్నాయి. ఆ బొమ్మలు భర్త దగ్గరున్న ఫోనులో ఉన్నాయి. గ్రూపులో ఉన్న మిగతా కార్యకర్తలను అడిగాం. తారీఖు, టైము, పంపిన నంబరు కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసివ్వమని, ఆ సందేశాన్ని మాత్రం తుడిచేయొద్దని చెప్పాం. మొదట అందరూ తలలు దించుకున్నారు. ఇద్దరు ఇస్తామన్నారు. ఒకామె నిన్న రాత్రి పంపింది, ఏమీ రాయకుండా, దాని కింద ఒక దణ్ణం బొమ్మ పెట్టి.