అమ్మినవాడెవడు?

కొన్న వస్తువు కొంప ముంచితే వీధి చివరి కొట్టువాణ్ణి నిలదీస్తాం. కొట్టే కంటికి కనపడకపోతేనో?

కాలిఫోర్నియాలో ఒకామె అమెజాన్‌లో లాప్‌టాప్ బ్యాటరీ కొన్నది. కొన్ని నెలలకు అది పేలి ఆమె ఒళ్ళు కాలింది. సరకు సొంతదారు విదేశీ కంపెనీ. అది కోర్టు గడప త్రొక్కనే లేదు. ‘మేము చోటిచ్చామే గాని అమ్మలేదు’ అన్నది అమెజాన్. క్రింది కోర్టు ఔనన్నది. 2020 ఆగస్టులో రాష్ట్ర అప్పీలు కోర్టు కాదన్నది. సరకును గోదాములో ఉంచినదీ, డబ్బు పుచ్చుకొన్నదీ, తన పెట్టెలో పెట్టి పంపినదీ అమెజానే గదా! పేరేదైతేనేం, సరకులో లోపముంటే బాధ్యత తప్పదన్నది.

టెక్సాస్‌లో ఒక పసిబిడ్డ రిమోటు కంట్రోలులోని బ్యాటరీ మింగింది. ఆ దావాలో అక్కడి సుప్రీంకోర్టు 2021లో వేరే దారి పట్టింది. సరకుపై హక్కు అమెజాన్‌ది కాదు గనుక అది అమ్మినట్టు కాదట!

‘అమ్మడం’ మనం పసితనంలోనే నేర్చే మాట. ఆ ఒక్క మాటకు రెండు రాష్ట్రాల్లో రెండర్థాలు. కాలిన ఒంటికి మందుల ఖర్చు ఎవరిదో తేల్చేది ఆ అర్థమే. తెలుగు పాఠాలు చెప్పుకొనే నా ఓటు కాలిఫోర్నియాకే. లాభానికి చేయి చాచినవాడు నష్టానికి చేతులు ముడుచుకోవడం ఏం ధర్మం?