చావు ఖరీదు మూడు సెకన్లు

2025 నవంబరు 14న ‘కాల్ ఆఫ్ డ్యూటీ: బ్లాక్ ఆప్స్ 7’ వచ్చింది. మల్టీప్లేయర్ బాగుంది, జాంబీస్ బాగుంది. స్టోరీ మోడ్ మాత్రం, ఒంటరిగా కూర్చుని ఒక కథలోకి దిగాలనుకున్న ఆటగాడిని అవమానించేలా ఉంది. ఒక్కరే ఆడుతున్నా ఇంటర్నెట్ తప్పనిసరి. పాజ్ లేదు. మిషన్ నడుమ చెక్‌పాయింట్ లేదు. కాసేపు చెయ్యి కదపకపోతే ఆటలోంచి బయటికి తోసేస్తుంది. నలుగురు కలిసి ఆడేందుకు కట్టిన కథ కాబట్టి ఒంటరి ఆటగాడి పక్కన కంప్యూటర్ నడిపే తోటి సైనికులు కూడా ఉండరు. సన్నివేశాల్లో నలుగురూ మాట్లాడుకుంటూ కనిపిస్తారు, కాల్పులు మొదలయ్యేసరికి ఒక్కడే మిగులుతాడు. గాలివానకు కరెంటు పోయే వికారాబాద్‌లో, సాయంత్రమైతే నెట్ నెమ్మదించే తాండూరులో ఈ కథను చివరిదాకా చూడగలిగేది ఎంతమంది? వేల రూపాయలు పోసి కొన్న ఆటలో, గేటు దగ్గరికి ఎవరో వస్తే లేచి వెళ్లే హక్కు కూడా లేదు.

కథ కూడా గొప్పదేం కాదు. 2035లో గిల్డ్ అనే కంపెనీ, ఒక భ్రాంతి వాయువు, ఆ మత్తులో కనిపించే భూతాలు. సైనికుడిని తీసుకెళ్లి పీడకలలో పడేసి, అక్కడ కనపడిందల్లా కాల్చమన్నారు. ఎదుట ఉన్నది మనిషే కాకపోతే కాల్చడానికి ఇక సంకోచం దేనికి?

తుపాకీ ఆటలను నేను ఒకే ఒక్క కొలతతో చూస్తాను. ఈ మోడ్‌లో చావు ఖరీదెంత? తుపాకుల సంఖ్య, మ్యాపుల అందం, గ్రాఫిక్స్ అన్నీ ఆ తర్వాతే.

టీమ్ డెత్‌మ్యాచ్‌ని తీసుకోండి. మన కుర్రాళ్లు టీడీఎం అంటారు. ఇందులో చచ్చిపోతే మూడు నాలుగు సెకన్లలో మళ్లీ పుడతాం. చంపినవాడి మీద కోపం చల్లారేలోపే మనమే వెళ్లి వాణ్ణి చంపుతాం, వాడూ మళ్లీ పుడతాడు. ఇందులో నైపుణ్యం లేదని అనను. గురి కావాలి, చెవి కావాలి, అడుగుల చప్పుడు ఎటు నుంచి వస్తుందో పట్టాలి. కానీ చావుకు విలువ లేనిచోట బతుకుకూ ఉండదు. ఎవరూ ఎవరికోసమూ ఆగరు. పది నిమిషాలు ఆడి లేచాక ఏం జరిగిందో గుర్తుకు తెచ్చుకోమంటే ఒక్క అంకె తప్ప ఏమీ మిగలదు.

డామినేషన్ కొంచెం నయం. మూడు జెండాలు, వాటిని పట్టుకోవాలి, కాపాడుకోవాలి. చావు ఇక్కడా చవకే, అయినా ఒక చోటు మీద మమకారం పుడుతుంది. బ్లాక్ ఆప్స్ 7లో కొత్తగా పెట్టిన ఓవర్‌లోడ్ కూడా ఈ దారిదే. ఆరుగురు ఆరుగురితో తలపడి, ఒక యంత్రాన్ని చేజిక్కించుకుని శత్రువు స్థావరంలో పెట్టాలి. మోసేవాడి వెంట కాపలాగా ఒకరు నడవాల్సిందే. ఈ ఆటలో నాకు నచ్చినవాటిలో ఇదొకటి. ఇరవై మంది ఇరవై మందితో కొట్టుకునే స్కర్మిష్‌లో మాత్రం సందడి తప్ప ఏమీ కనిపించలేదు.

అసలైన మోడ్ అంటే సెర్చ్ అండ్ డిస్ట్రాయ్. ఒక జట్టు బాంబు పెట్టాలి, ఇంకో జట్టు ఆపాలి. చచ్చిన మనిషి ఆ రౌండ్ అయ్యేదాకా లేవడు. చేతిలో ఫోనో కంట్రోలరో ఉంటుంది, చేయగలిగిందేమీ ఉండదు. బతికున్న స్నేహితుడి కళ్లతో చూస్తూ కూర్చోవాలి. నలుగురూ పోయి ఒక్కడు మిగిలితే, మాటలు ఆపేసి మిగతా నలుగురూ ఊపిరి బిగపట్టి వాణ్ణే చూస్తారు. 1999లో ‘కౌంటర్ స్ట్రైక్’ తెచ్చిన పద్ధతి ఇదే, ఇప్పటి ‘వాలరంట్’ నడిచేదీ ఈ పద్ధతి మీదే. ఇన్నేళ్లు బతకడానికి కారణం ఆ మౌనమేనని నా నమ్మకం.

జాంబీస్‌లో పడిపోయినవాడిని స్నేహితుడొచ్చి లేపాలి. నలుగురిలో స్వార్థపరుడెవరో, ప్రాణమిచ్చేవాడెవరో ఒక్క గంటలో తెలిసిపోతుంది. బ్యాటిల్ రాయల్‌లో ప్రాణం దాదాపు ఒక్కటే. పబ్జీ మన ఊళ్లను పట్టి ఊపింది అందుకే. బ్లాక్ ఆప్స్ 7 కథ చివర తగిలించిన ఎండ్‌గేమ్‌లో కూడా, 32 మంది తిరిగే ఆ మ్యాప్ నుంచి ప్రాణాలతో బయటపడకపోతే అప్పటిదాకా పెంచుకున్న బలమంతా పోతుంది. అక్కడ నిజంగానే వెన్ను జలదరించింది. చావుకు విలువ కట్టడం ఆట చేసినవాళ్లకు తెలియక కాదు. కథలో కట్టడం ఇష్టం లేదు, అంతే.

నేను స్టోరీ మోడ్ వదలనని ఈ శీర్షిక చదివేవాళ్లకు తెలుసు. మా తరం మొదట ఆడిన తుపాకీ ఆట ‘ప్రాజెక్ట్ ఐజీఐ’. 2000 డిసెంబరులో వచ్చింది, నార్వేలోని ఇన్నర్‌లూప్ స్టూడియోస్ చేసింది. నెట్ సెంటర్లో పాత మానిటర్ ముందు ముగ్గురం ఒక కుర్చీలో కూర్చుని ఆడాం. దాంట్లో మల్టీప్లేయర్ లేనే లేదు. 14 మిషన్లు, నడుమ సేవ్ లేదు. కంచె తీగ కోసి, సైరన్ మోగకుండా, టవర్ మీద కాపలావాడు అటు తిరిగేదాకా పొదల్లో ఆగి, ఇరవై నిమిషాలు పాకి పాకి వెళ్లాక ఒక్క తూటాతో మొదటికి రావాలి. ఒక్క ప్రాణానికి ఇరవై నిమిషాల ఓపిక ఖరీదు. అందుకే ట్రిగ్గర్ నొక్కే ముందు వందసార్లు ఆలోచించేవాళ్లం. వీలైతే కాల్చకుండానే వెళ్లిపోయేవాళ్లం. తుపాకీ ఆటలో కాల్చకపోవడం నేర్పిన ఆట అది. దొంగలు ఎత్తుకుపోయిన ఒక అణుబాంబు పేలకుండా ఆపడం ఆ కథ. ఆ సంగతి ఇంకా గుర్తుందంటే కారణం, ఎందుకు పాకుతున్నామో ఆట ముందే చెప్పింది.

2016లో వచ్చిన ‘బ్యాటిల్‌ఫీల్డ్ 1’ ఇంకా ముందుకు వెళ్లింది. మొదటి ప్రపంచయుద్ధం. ఆట మొదలవగానే ఒక సైనికుడిగా కాలుస్తూ ఉంటాం, ఎంత బాగా ఆడినా చచ్చిపోతాం. తెర మీద ఒక పేరు వస్తుంది. పుట్టిన సంవత్సరం, పోయిన సంవత్సరం. వెంటనే ఇంకో సైనికుడి శరీరంలోకి వెళతాం, వాడూ పోతాడు, వాడికీ పేరుంటుంది. అంతకుముందు వేల చావులు చచ్చిన నేను ఆ పేర్ల దగ్గర ఆగిపోయాను. ఈ పని మల్టీప్లేయర్ ఎన్నటికీ చేయలేదు, స్టోరీ మోడ్ ఒక్కటే చేయగలదు. అదే కంపెనీ 2021లో ‘బ్యాటిల్‌ఫీల్డ్ 2042’ తెచ్చినప్పుడు స్టోరీ మోడ్‌నే ఎత్తేసింది. కాల్ ఆఫ్ డ్యూటీ 2018లోనే బ్లాక్ ఆప్స్ 4తో ఆ పని చేసింది. కథ ఒకసారే ఆడతారు, దుకాణం ఏడాదంతా నడుస్తుంది. తుపాకీకి బంగారు రంగు, సైనికుడికి కొత్త టోపీ, చంపాక వేసే డ్యాన్సు, అన్నీ అమ్మకానికే. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి సంతకం పడిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పందేల ఆటలను నిషేధించింది, ఈ-స్పోర్ట్స్‌కు గుర్తింపు ఇచ్చింది. మంచిదే. మన తెలంగాణ 2017లోనే ఆన్‌లైన్ రమ్మీని ఆపింది, అదీ మంచిదే. తుపాకులకు రంగులమ్మే దుకాణాలు మాత్రం ఎప్పటిలాగే నడుస్తున్నాయి.

మన దేశపు ఆట సంగతి ఇంకా బాధ కలిగిస్తుంది. 2020 జూన్ 15న గల్వాన్‌లో చైనా సైనికులతో జరిగిన ఘర్షణలో మన సైనికులు 20 మంది ప్రాణాలిచ్చారు. వాళ్లకు నాయకత్వం వహించిన 16 బిహార్ రెజిమెంట్ కమాండింగ్ ఆఫీసర్ కల్నల్ సంతోష్ బాబు మన సూర్యాపేట బిడ్డ. మరణానంతరం మహావీర చక్ర ఇచ్చారు. ఆ సెప్టెంబరు 2న పబ్జీని నిషేధించిన రెండు రోజులకే బెంగళూరులోని ఎన్‌కోర్ గేమ్స్ ‘ఫౌజీ’ని ప్రకటించింది, 2021 జనవరి 26న విడుదల చేసింది. గల్వాన్ కథ, స్టోరీ మోడ్ ఒక్కటే. తుపాకీ లేదు, ఎందుకంటే ఆ రాత్రి అక్కడ తుపాకీ పేలలేదు. పిడికిళ్లు, దుడ్డుకర్రలు. దెబ్బలు తగిలిన సైనికుడు చలిమంట దగ్గర కూర్చుంటే కోలుకుంటాడు. ఆటగా అది బలహీనమైనదే. అందరూ తిట్టారు, గంటలో విసుగొచ్చిందన్నారు. నాకూ విసుగొచ్చింది. అయినా ఆ చలిమంటను గౌరవిస్తాను. ఒక నిజమైన రాత్రిని పట్టుకోవాలన్న ప్రయత్నం అందులో ఉంది. ఆ కథను బాగుచేసి, ఆ మనుషులకు పేర్లూ ఊళ్లూ ఇచ్చి, సూర్యాపేట వీధిని ఒక్కసారి చూపించి మళ్లీ తెస్తారని ఎదురుచూశాను. 2025 జనవరిలో ‘ఫౌజీ: డామినేషన్’ వచ్చింది. ఈసారి ఫస్ట్ పర్సన్ షూటర్, చేతినిండా తుపాకులు, ఐదుగురు ఐదుగురితో టీడీఎం. మన సైనికుల దుస్తుల్లో మన సైనికులను మనమే కాలుస్తాం. ఎందుకు కాలుస్తున్నామో ఎవరూ చెప్పరు.

వికారాబాద్ నుంచి తాండూరు వెళ్లే రైల్లో దీని గురించి కొందరు కుర్రాళ్లను అడిగాను. ఇద్దరు నాపరాళ్ల పాలిష్ యూనిట్లలో పనిచేస్తారు, ఒకరు డిగ్రీ చదువుతున్నారు. ముగ్గురూ కాల్ ఆఫ్ డ్యూటీ మొబైల్ ఆడుతున్నారు. స్టోరీ మోడ్ అనగానే పాలిష్ పని అబ్బాయి ఒక్క మాటలో తేల్చేశాడు. “కథ ఎవడు చూస్తడు సార్, సీదా టీడీఎమ్మే. పది నిమిషాల్ల అయిపోతది, అన్నం తిన్నంక ఒకటి కొట్టి మల్ల మిషన్ కాడికి పోతం.” డిగ్రీ అబ్బాయి ఇంకో కారణం చెప్పాడు. “ధారూర్ దాటినంక నెట్ లాగ్ కొడ్తది. పెద్ద మ్యాచ్ పెట్టుకుంటే నడుమల పోతది, ర్యాంక్ పడిపోతది.”

వాళ్లను తప్పు పట్టను. మోడ్ ఏదన్నది అభిరుచి తేల్చే విషయమని సమీక్షలు రాసేవాళ్లు అనుకుంటారు. తాండూరులో దాన్ని భోజన విరామం తేలుస్తుంది, డేటా ప్యాక్ తేలుస్తుంది, ఫోన్‌లో మిగిలిన చోటు తేలుస్తుంది. రాతి దుమ్ములో పది గంటలు నిలబడే కుర్రాడికి దక్కేది పది నిమిషాలు. ఆ పది నిమిషాల్లో పట్టే కథ ఎందుకు రాయరు? నెట్ లేకుండా నడిచే, పదిహేను నిమిషాల్లో ముగిసే, మధ్యలో ఆపుకోగలిగే మిషన్లు చేయడం అసాధ్యమేమీ కాదు. పాతికేళ్ల కిందటి ఐజీఐ సీడీలో పట్టింది, నెట్ అడగలేదు.

ఎందుకో ఎవరూ చెప్పని కథ ఆటల్లోనే కాదు, మన జిల్లాలోనూ ఒకటుంది. రైల్లోని ఆ ముగ్గురిలో ఎవరికీ దామగుండంలో ఏం కడుతున్నారో సరిగా తెలియదు. ఒకరు రాడార్ అన్నారు, ఒకరు మిలిటరీ క్యాంపు అన్నారు. వికారాబాద్ జిల్లాలో, పూడూరు మండలంలో, మూసీ పుట్టిన అనంతగిరి కొండలకు కొద్ది దూరంలోనే ఉన్న దామగుండం అడవిలో 2,900 ఎకరాలు నౌకాదళానికి ఇచ్చారు. 2024 అక్టోబరు 15న రక్షణమంత్రి రాజ్‌నాథ్ సింగ్ వచ్చి శంకుస్థాపన చేశారు. అది రాడార్ కాదు, వీఎల్ఎఫ్ కేంద్రం. అతి తక్కువ పౌనఃపున్యంతో వెళ్లే రేడియో తరంగాలు సముద్రపు నీటిలోకి కొన్ని మీటర్లు దిగగలవు కాబట్టి, నీళ్లలో దాగి ఉన్న జలాంతర్గామి పైకి తేలకుండానే సందేశం అందుకుంటుంది. అరిహంత్ లాంటి అణ్వస్త్ర జలాంతర్గాములున్న దేశానికి ఇది ఎంత ముఖ్యమో చెప్పనక్కర్లేదు. ఇలాంటిది ఇప్పటికి దేశంలో ఒకటే ఉంది, తమిళనాడు తిరునల్వేలి దగ్గరి ఐఎన్ఎస్ కట్టబొమ్మన్, 1990 నుంచి పనిచేస్తోంది. రెండోది మన దగ్గర.

దేశానికి కావాలంటే ఇద్దాం. నేను వద్దని రాయడం లేదు. కానీ అడవి పోతుందని, మూసీకి నీళ్లిచ్చే కొండలు దెబ్బతింటాయని, లోపలున్న రామలింగేశ్వరస్వామి గుడికి దారి ఉంటుందో లేదోనని జనం అడిగినప్పుడు, వాళ్లను దేశభద్రత తెలియనివాళ్లుగా చూశారు. ఎందుకు ఇస్తున్నామో, ఏం పోతుందో, పోయినదానికి బదులు ఎక్కడ ఏ చెట్లు నాటారో ఇంటింటికీ చెప్పాల్సింది. అణుబాంబు కథను మేం నార్వే వాళ్ల ఆటలో తెలుసుకున్నాం. పొరుగునే లేస్తున్న యాంటెన్నా కథను మన పిల్లలు ఎవరి దగ్గర తెలుసుకోవాలి?

జిల్లా కలెక్టర్‌నూ నౌకాదళాన్నీ నేను అడిగేది పెద్దదేమీ కాదు. పూడూరు, ధారూర్, పరిగి, తాండూరు ఉన్నత పాఠశాలలకు ఒక అధికారిని పంపండి. ఆ తరంగం ఎలా పనిచేస్తుందో, కొట్టేసిన చెట్లెన్నో, నాటినవి ఎక్కడున్నాయో, గుడికి ఏ రోజుల్లో వెళ్లనిస్తారో తెలుగులో చెప్పించండి. చెప్పాక పిల్లలు అడిగే ప్రశ్నలకు జవాబిచ్చేదాకా ఆయన్ను అక్కడే ఉండమనండి.